ఆరంభశూరత్వం ఎవరిది?

ఆంధ్రులు ఆరంభశూరులన్న మాట మన విద్యావంతులకు మహా ఇష్టమైన మాట. ఏ పని నడిమధ్య ఆగిపోయినా, ఏ రోడ్డు వేసిన మూడేళ్లకే తారు లేచిపోయినా, పెదవి విరిచి ఆ మాట ఒకటి అనేస్తే బాధ్యత తీరిపోతుంది. జాతి స్వభావమే అంత అయినప్పుడు ఇక ఎవరిని నిలదీయగలం? కర్నూలు వీధిలో గుంత తప్పించబోయి స్కూటరు మీదినుంచి పడిన మనిషి కూడా లేచి, మోకాలు దులుపుకుని, "మనోళ్లు ఇంతేలేప్పా" అనుకుంటూ పోతాడు. ఈ నానుడి అబద్ధమని నా వాదం. రోడ్డు వేసి గాలికి వదిలేయడం తెలుగువాడి నెత్తురులో పుట్టిన గుణమేమీ కాదు. అది డబ్బు నడిచే పద్ధతిలో ఉన్న గుణం. కొత్తదానికి పుట్టే అప్పూ, కొత్తదానిలో మిగిలే లాభమూ, కొత్తదానితో వచ్చే కీర్తీ, పాతదాన్ని నిలబెట్టడంలో లేవు. రోడ్డును ఆరంభించేవాడు ఒకడు, దాని మీద రోజూ నడిచేవాడు మరొకడు. ఈ ఇద్దరి ప్రయోజనాలూ ఒకటేనని మనకు నూరేళ్లకు పైగా నమ్మబలుకుతున్నారు.

ముందు మాటలు చూద్దాం. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి సులువుగా దొరికే సాక్ష్యం మాటలే గదా! కొత్త పనికి శంకుస్థాపన ఉన్నది, భూమిపూజ ఉన్నది, శిలాన్యాసం ఉన్నది, ప్రారంభోత్సవం ఉన్నది, జాతికి అంకితం ఉన్నది. వీటికి ముహూర్తాలున్నాయి, పందిళ్లున్నాయి, పళ్లెంలో కత్తెర ఉన్నది, నల్లరాతి మీద బంగారు రంగు అక్షరాలున్నాయి. ఉన్నదాన్ని ఉన్నట్టుగా నిలబెట్టే పనికి మాత్రం మరమ్మతు అన్న ఒక్క మాట. అదీ అరబ్బీలో పుట్టి, పారశీకం మీదుగా కచేరీ కాగితాల్లోకి దిగిన మాట. జీర్ణోద్ధరణ అన్న గంభీరమైన పదం ఒకటి లేకపోలేదు గాని, దానిని గుడిగోపురాలకు రాసి ఇచ్చేశాము. పాతబస్తీలో మురుగుకాలువ పక్క సందుకు జీర్ణోద్ధరణ జరిగిందని ఎవరైనా అంటే నవ్వుతాము. మరమ్మతుకు ముహూర్తం పెట్టరు. మరమ్మతు చేసిన చోట ఎవరి పేరూ చెక్కరు.

శంకుస్థాపనల సంగతికి మన సీమకంటే మంచి ప్రదర్శనశాల మరొకటి లేదు. కర్నూలు పక్కన ఓర్వకల్లు విమానాశ్రయానికి 2019 జనవరిలో ఒక ముఖ్యమంత్రి ప్రారంభోత్సవం చేశారు. అదే విమానాశ్రయానికి 2021 మార్చిలో మరొక ముఖ్యమంత్రి ప్రారంభోత్సవం చేశారు. ప్రయాణికులతో విమానం లేచింది రెండవ ప్రారంభోత్సవం తరువాతనే. కడప జిల్లా ఉక్కు కర్మాగారం పేరిట 2007లో, 2018లో, 2019లో, 2023లో, మొత్తం నాలుగుసార్లు శిలలు వేశారు. అమరావతికి 2015లో ఒకసారి, 2025లో మళ్లీ ఒకసారి ప్రధానమంత్రి వచ్చి పనులు ఆరంభించారు. ఒక పార్టీని తిట్టి ఇంకొక పార్టీని మెచ్చుకోదలచినవారికి ఈ జాబితా పనికిరాదు. ఇందులో అందరూ ఉన్నారు. అందరూ ఉన్నారంటే ఇది మనుషుల గుణదోషాలకు మించిన విషయమన్నమాట.

మరి మన పూర్వులూ ఇంతేనా? రోడ్డు మాట ఎత్తి చెరువు దగ్గరికి పోవడం కొందరికి వింతగా తోచవచ్చును. కాని వానలు చాలని ఈ నేలలో ప్రజల సొత్తుగా నిలిచిన మొదటి పెద్ద కట్టడం చెరువు. కట్టినదాన్ని ఎట్లా కాపాడుకోవాలన్న ప్రశ్నకు మన సీమ మొదటి జవాబులు అక్కడే వెదకాలి. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం క్రీ.శ. 1369 నాటిది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు తవ్వించిన ఆ చెరువు పనిలో రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్లపాటు శ్రమించినట్టు శాసనం చెబుతున్నది. చెరువుకు ఉండవలసిన హంగులూ, ఉండరాని దోషాలూ అందులో ఏకరువు పెట్టారు. ఇక దశబంధం అనే ఇనాము కడప, కర్నూలు ప్రాంతాల్లో చాలా కాలం నడిచింది. చెరువు తవ్వించినవాడికో, తెగిన చెరువును బాగుచేసినవాడికో కొంత భూమి ఇచ్చి, దాని ఫలసాయం తింటున్నంత కాలం కట్టనూ తూమునూ చూచుకునే పూచీ అతని మీద పెట్టేవారు. కట్టేనాడే కాపాడడానికి ఖర్చు ఎక్కడినుంచి రావాలో తేల్చేశారన్నమాట. విజయనగరం నాటి దానశాసనాల చివర తరచుగా కనిపించే శ్లోకం ఒకటున్నది. అది దానం చేసినవాణ్ణీ, చేసిన దానాన్ని నిలబెట్టినవాణ్ణీ పక్కపక్కన నిలిపి, పుణ్యంలో పెద్దవాటా రెండవవాడికే పంచుతుంది. మన కవులు మాత్రం సప్తసంతానాల్లో చెరువును లెక్కవేసి, చెరువు పూడిక తీయడాన్ని వదిలేశారు. ఆ తప్పు రాజుల ఖాతాలో కాక మా శాఖ ఖాతాలో వేయవలసిందే.

ఆ కాలం స్వర్ణయుగమని నేను అనను. కట్ట మీదికి మన్ను మోసిందెవరో, ఆ మోతలో కూలి ఎంతో వెట్టి ఎంతో మనకు తెలుసు. నేను చెప్పేది ఒక్కటే: కట్టినదాన్ని కాపాడాలన్న ఎరుక ఈ జాతికి లేదనడానికి చరిత్ర ఒప్పుకోదు. ఆ ఎరుకకు ఆధారమైన ఏర్పాటు చెదిరిపోయింది. 1858లో మద్రాసు ప్రభుత్వం నిర్బంధ శ్రమ చట్టం చేసి, కుడిమరామత్తు పేరిట చెరువు పనుల భారాన్ని రైతు మీదనే ఉంచింది. శిస్తు తనకు, పార రైతుకు! 1866లో జిల్లా రోడ్డు సెస్సు వచ్చింది, అదీ భూమి మీదనే.

సరిగ్గా ఆ కాలంలోనే కర్నూలు నేల మీద ఒక కొత్త తరహా ఆరంభశూరుడు అడుగుపెట్టాడు. కె.సి. కాలువ కథ మన పిల్లలు పాఠాల్లో నీటిపారుదల కథగా చదువుకుంటారు. అది రవాణా కథ కూడా. సుంకేసుల నుంచి కడప దాకా సుమారు 190 మైళ్లు సాగిన ఆ కాలువను పైరుకు నీరివ్వడానికే గాక పడవలు నడపడానికి కూడా తలపెట్టారు. 1858లో ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీకి పది లక్షల పౌన్ల పెట్టుబడి మీద నూటికి అయిదు చొప్పున వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. కాలువ పారినా పారకపోయినా, పడవ కదిలినా కదలకపోయినా, లండనులో వాటాదారుకు వడ్డీ ముట్టుతుంది. అట్లాంటప్పుడు కాలువ బాగోగులు ఎవరికి కావాలి? 1863లో తవ్వకం మొదలైంది, 1882లో నష్టాల కాలువను ప్రభుత్వమే కొనుక్కున్నది. ఈ రెండు ఏండ్ల నడుమ 1876-78 కరువు వచ్చి కర్నూలు జిల్లాను తుడిచిపెట్టింది. కరువు పనుల్లో రోడ్డు కంకర కొట్టిన చేతులు కొట్టుకుంటూనే రాలిపోయాయి. ఆరంభశూరత్వం అనే బిరుదు ఇవ్వవలసివస్తే ఆ కంకర కొట్టినవాడికి ఇద్దామా, నూటికి అయిదు తీసుకున్నవాడికి ఇద్దామా?

ఇది పాత కథ అనుకోవడానికి వీలులేదు. హైదరాబాదు మెట్రోను ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమనే పద్ధతిలో కట్టారు. కట్టిన కంపెనీ నష్టమని తప్పుకోగోరితే, 2025 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం సుమారు 13,000 కోట్ల రూపాయల అప్పును తన నెత్తిన వేసుకోవడానికి ఒప్పుకున్నది. 1882కూ 2025కూ మధ్య దొరలు మారారు, జెండా మారింది. కొత్త పనిలో లాభం వస్తే కంపెనీది, భారం మిగిలితే ఖజానాది అన్న సూత్రం మారలేదు.

ఇప్పుడు అసలు కీలకం దగ్గరికి వద్దాము. ప్రభుత్వ లెక్కల్లో కొత్త రోడ్డు వేస్తే అది మూలధన వ్యయం. ఉన్న రోడ్డులో గుంత పూడిస్తే అది రెవెన్యూ వ్యయం. మొదటి పద్దు పెరిగితే ఆర్థికశాస్త్రజ్ఞులు శభాష్ అంటారు. రెండవ పద్దు పెరిగితే దుబారా అంటారు, ఎందుకంటే జీతాలూ పింఛన్లూ వడ్డీలూ కూడా ఆ గంపలోనే ఉన్నాయి. 2020-21 నుంచి కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు యాభై ఏళ్ల గడువుతో వడ్డీ లేని అప్పు ఇస్తున్నది. ఎంత ఉదారం! అయితే అది మూలధన పనులకే. గుంత పూడ్చడానికి యాభై ఏళ్ల అప్పు ఇచ్చే మహానుభావుడు లేడు. ఒక రోడ్డును ఏడేడూ కాపాడుతూ వస్తే ప్రతి ఏడూ రొక్కం కావాలి. దాన్ని చెడనిచ్చి, పూర్తిగా చచ్చిన తరువాత తవ్వి కొత్తగా వేస్తే అప్పు పుడుతుంది, టెండరు పుడుతుంది, శిలాఫలకం పుడుతుంది. ఇట్లాంటి లెక్కల చట్రంలో కూర్చోబెడితే ఎంతటి నిజాయితీపరుడైన మున్సిపల్ కమిషనరైనా రోడ్డు చావు కోసం కాచుకుని కూర్చుంటాడు.

కాపాడడానికి విడిగా డబ్బు ఇవ్వడం సాధ్యం కాదని ఎవరైనా అంటే నమ్మకండి. 2005-10కి చెందిన 12వ ఆర్థిక సంఘం రోడ్లూ వంతెనల నిర్వహణకని రాష్ట్రాలకు 15,000 కోట్లు కేటాయించింది. 13వ సంఘం 19,930 కోట్లు ఇచ్చింది. 14వ సంఘం వచ్చేసరికి ఆ ప్రత్యేక గ్రాంటు మాయమైంది. మీ వాటా పెంచాము, మీ ఇష్టం వచ్చినట్టు ఖర్చు పెట్టుకోండి అన్నారు. రాష్ట్రాలు ఇష్టం వచ్చినట్టే ఖర్చు పెట్టాయి.

రోడ్డు ఎట్లా చెడుతుందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే "వానలు ఎక్కువై చెడింది" అనే జవాబు ప్రతి ఏడూ వినపడుతుంది. వాన రోడ్డును చంపదు, నిలిచిన నీరు చంపుతుంది. తారు మీద వెంట్రుకవాసి బీట పడుతుంది. ఆ రోజు బొచ్చెడు తారు పోసి మూస్తే కథ ముగుస్తుంది. మూయకపోతే నీరు లోపలికి దిగి కంకర కింది మన్ను మెత్తబడుతుంది, చక్రం పడిన ప్రతిసారీ ఆ బురద పైకి చిమ్ముతుంది, పైన తారు పెంకు అంటుకోవడానికి కింద ఏమీ ఉండదు. నంద్యాల, కోవెలకుంట్ల, ఆదోని, జమ్మలమడుగు వైపు నల్లరేగడి నేల సంగతి చెప్పనే అక్కరలేదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, మీద ఏది వేసినా దాన్ని తనతోబాటు ఊపుతుంది. దాని మీదనే సిమెంటు ఫ్యాక్టరీల లారీలు. బరువు సంగతి అమెరికా ఇంజనీర్లు 1958-60లో ఇల్లినాయిస్ రాష్ట్రంలో రోడ్డు వేసి లారీలు తిప్పి తేల్చారు: ఇరుసు బరువు రెండింతలైతే రోడ్డుకు తగిలే దెబ్బ సుమారు పదహారింతలవుతుంది. మన కేంద్ర ప్రభుత్వం 2018 జూలైలో ఒక్క కలంపోటుతో ఇరుసు బరువుల పరిమితి పెంచింది. నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు 10.2 టన్నులు ఉండగా 11.5 టన్నులకు అనుమతించారు. పై సూత్రం ప్రకారం లెక్కవేస్తే దెబ్బ ఒకటికి ఒకటిన్నర దాటుతుంది. లారీ యజమానికి కలిగిన మేలు ఆనాడే పత్రికల్లో వచ్చింది. జిల్లా రోడ్డుకు కలిగిన కీడుకు ఎవరైనా ఒక రూపాయి విడిగా ఇచ్చారా?

ప్రపంచ బ్యాంకు మనకు చుట్టమేమీ కాదు. ఆ బ్యాంకే 1988లో 85 దేశాల రోడ్లు పరిశీలించి ఒక నివేదిక వేసింది. సకాలంలో 1,200 కోట్ల డాలర్లు నిర్వహణకు ఖర్చు చేసి ఉంటే 4,500 కోట్ల డాలర్ల విలువైన రోడ్లు నాశనం కాకుండా ఉండేవని అందులో ఉన్నది. అప్పులిచ్చేవాడే ఒప్పుకున్న నిజమిది. ఇక ప్రాణాల లెక్క. 2013 నుంచి 2017 దాకా అయిదేళ్లలో గుంతల వల్ల 14,926 మంది చనిపోయారన్న లెక్క చూసి 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు నివ్వెరపోయింది. సరిహద్దుల్లో చనిపోయినవారికంటే ఇది ఎక్కువేమోనన్నది. రైలుపట్టా మీద గ్యాంగుమనుషులు రోజూ నడిచి బోల్టులు తట్టి చూస్తారు, ఎందుకంటే పట్టా విరిగితే వందమంది ఒక్కసారి పోతారు, మంత్రి రాజీనామా అడుగుతారు. గుంత ఒక్కొక్కరినే తీసుకుపోతుంది. ఒక్కొక్కరుగా పోయేవారికి విచారణ సంఘం వేయరు.

"డబ్బు లేదు" అనే వాదన ఒకటున్నది. డబ్బు వసూలు కాకపోలేదు. 1927లో వేసిన జయకర్ కమిటీ పెట్రోలు మీద పన్ను వేసి రోడ్లకు ఖర్చు పెట్టమన్నది, 1929లో రోడ్డు నిధి ఏర్పడింది. ఆ నిధి పేరును 2018లో కేంద్ర రహదారి, మౌలిక సదుపాయాల నిధి అని మార్చి, రోడ్డు పేరిట తీసుకున్న సొమ్మును ఇతర నిర్మాణాలకు కూడా వాడుకునే వీలు కల్పించారు. మన రాష్ట్రంలో 2020 సెప్టెంబరులో పెట్రోలు, డీజిలు లీటరుకు ఒక రూపాయి రోడ్డు సెస్సు వేశారు. ఆ రూపాయిని చూపించి రోడ్డు అభివృద్ధి కార్పొరేషను పేరిట బ్యాంకులో 2,000 కోట్ల అప్పు తీసుకున్నారు. అంటే రాబోయే ఏండ్ల మరమ్మతు సొమ్ము ముందే తాకట్టు పడిందన్నమాట. 2021లో రోడ్లన్నీ చెరువులైనప్పుడు పాత బిల్లులే రాలేదని గుత్తేదారులు టెండర్లకు రాని సంగతి అందరికీ తెలుసు. పెట్రోలు బంకులో రూపాయి మాత్రం ఒక్కరోజూ ఆగలేదు. ప్రభుత్వం మారింది. 2024 నవంబరు 2న అనకాపల్లి జిల్లా వెన్నెలపాలెంలో ముఖ్యమంత్రి స్వయంగా గుంతల రహిత రోడ్ల కార్యక్రమం ప్రారంభించారు. గుంత పూడ్చడం మంచిదే, కాదనను. కాని చూడండి, చివరకు గుంతకు కూడా ప్రారంభోత్సవం చేయవలసివచ్చింది! ఏడాది పొడుగునా తట్టాపారా పట్టుకుని ఎవరో ఒకరు చేస్తూ పోవలసిన పని, అయిదేళ్లకొకసారి పండుగలాగా వస్తే దానిని నిర్వహణ అనరు.

కర్నూలు నగరం సంగతే ప్రత్యేకంగా చెప్పాలి. 1953 అక్టోబరు 1న ఈ ఊరు ఆంధ్రరాష్ట్రానికి రాజధాని అయినప్పుడు కచేరీలు గుడారాల్లో నడిచాయి. ఉద్యోగుల కోసం వేసిన శిబిరాల పేర్లే ఇప్పటికీ బి క్యాంపు, సి క్యాంపు. 1956లో రాజధాని పోయింది, క్యాంపు అనే పేరు మిగిలింది. తాత్కాలికంగా వచ్చినదానితో శాశ్వతంగా కాపురం చేయడం ఈ ఊరికి అలవాటు. పాత వీధుల్లో బేతంచెర్ల నాపరాళ్లు పరిచేవారు. నీళ్ల పైపు వేయాలంటే గడ్డపారతో నాలుగు బండలు లేపి, పని అయ్యాక మళ్లీ అవే బండలు పరిచేవారు. రాయి మనది, రాయి పరిచే మేస్త్రీ మనవాడు, పైసా ఊరు దాటదు. ఆ బండల స్థానంలో సిమెంటు రోడ్లు వచ్చాయి. సిమెంటు రోడ్డు గట్టిదే. కాని దానిని వేసిన మరునాడు పైపులవాడు వస్తాడు, ఆ మరునాడు కేబులువాడు వస్తాడు. పగలగొట్టినవాడు మళ్లీ మన్ను కప్పి పోతాడు. చెడిన రోడ్డును తవ్వి తీయకుండా దాని మీదనే ఇంకొక పొర పోస్తారు, రోడ్డు ఎత్తు పెరుగుతుంది, పాత ఇళ్ల గడపలు పల్లమవుతాయి. వానాకాలంలో వీధి నీళ్లు ఇంట్లోకి వస్తాయి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి కలిసి పాతబస్తీని ముంచినప్పుడు అది ప్రకృతి వైపరీత్యం. గంటసేపు వానకు గడప దాటి వచ్చే నీళ్లు ఏ వైపరీత్యం కిందికి వస్తాయి? ప్రతి పొరకూ ఒక బిల్లు ఉన్నది గనుక పొరలు ఆగవు. బండ లేపి బండ పరిచే పనికి బిల్లు చాలా చిన్నది. ఆ చిన్నతనమే దానికి శత్రువయింది.

ఇక్కడ నన్ను ఆపి, "కొత్తవి వద్దంటావా? నీ సీమకే రైలు లేదు, రోడ్డు లేదు, ఇప్పుడిప్పుడే వస్తుంటే అడ్డం పడతావా?" అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్న. సిద్ధేశ్వరం దగ్గర కృష్ణ మీద వంతెన కావాలని నేనూ అంటాను. 2007 జనవరిలో నెహ్రూనగర్, మంచాలకట్ట మధ్య పడవ మునిగి సుమారు అరవైమంది పోయిన రోజు నుంచి ఆ మాటకు ఎదురు చెప్పే నోరు సీమలో లేదు. నంద్యాల-ఎర్రగుంట్ల రైలుమార్గం 1996-97లో మంజూరై, 2016లో గాని పూర్తి కాలేదు. అది ఇరవై ఏళ్లు ముందే రావలసింది. బెంగుళూరు-కడప-విజయవాడ ఎక్స్‌ప్రెస్ రహదారికి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది, సుమారు 340 కిలోమీటర్లు, కడప జిల్లా మీదుగానే పోతుంది. అది కూడా రావలసిందే. కాని దాని మీదికి ఎక్కాలంటే పల్లె నుంచి మండలం దాకా, మండలం నుంచి పట్నం దాకా ఉన్న పాత దారినే పోవాలి. ఎక్స్‌ప్రెస్ రహదారి మీద గంట కలిసివస్తుందంటారు. ఆ గంట మన ఊరి రోడ్డు మీద ముందే పోగొట్టుకున్నవాడికి కలిసివచ్చేదేమిటి? విశాఖ, విజయవాడ మెట్రోల మొదటి దశలకు 2024 డిసెంబరులో ప్రభుత్వం ఆమోదించిన అంచనాలు కలిపితే 22,000 కోట్ల రూపాయలు దాటుతాయి. గుంతల పూడికకూ దీనికీ పోలిక సరికాదని అంటారు, నిజమే, వస్తువులు వేరు. అయితే ఆ మెట్రో నడిచే ముప్ఫయ్యేళ్లలో పట్టాలు అరిగితే, మెట్లు పగిలితే, లిఫ్టు ఆగితే ఎవరి పద్దులోనుంచి బాగుచేస్తారన్న ప్రశ్న పత్రికల్లో ఎక్కడా పెద్దక్షరాల్లో కనిపించలేదు. భారత రైల్వేకు 1924 నాడే అరుగుదల నిధి ఏర్పాటు చేశారు. పరాయి ప్రభుత్వానికి కూడా ఇనుము అరుగుతుందన్న సంగతి తెలుసు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట పందొమ్మిదో గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయినప్పుడు, డెబ్బయ్యేళ్ల కట్టడంలో గొలుసు కూడా అరుగుతుందని మనకూ తెలిసివచ్చింది.

ఈ మధ్య ఇంకొక మందు కనిపెట్టారు. 2024 నవంబరులో శాసనసభలో ముఖ్యమంత్రి ఒక ఆలోచన బయటపెట్టారు: రాష్ట్ర రోడ్ల నిర్వహణను ప్రైవేటు సంస్థలకు ఇచ్చి టోలు వసూలు చేయిద్దామని. ఆటోలకూ మోటారు సైకిళ్లకూ ట్రాక్టర్లకూ మినహాయింపు ఉంటుందన్నారు. వినడానికి ఇంపుగా ఉన్నది. అమకతాడు టోల్‌గేటు దాటిన జాతీయ రహదారి నున్నగా ఉండడం చూసినవారు ఇది మంచిదే గదా అనుకుంటారు. ఆ రోడ్డు నున్నగా ఉండడానికి కారణం హైదరాబాదు-బెంగుళూరు లారీల రాకపోకలు. ఆలూరు, హొళగుంద వైపు రోడ్డు మీద టోల్‌గేటు పెట్టడానికి ఏ కంపెనీ వస్తుంది? రాదు. రాని రోడ్డు రానట్టే పడి ఉంటుంది. వచ్చిన చోట బస్సు కట్టిన టోలు టికెట్టులో కలుస్తుంది, లారీ కట్టిన టోలు కర్నూలు మార్కెట్టు ఉల్లిగడ్డలో కలుస్తుంది. ఆటోకు మినహాయింపు ఇచ్చినంత మాత్రాన ఆటోలో కూర్చున్నవాడు మినహాయింపు పొందడు. పైగా ఇతను ఇదివరకే లీటరుకు రూపాయి కట్టాడు.

సాహిత్యకారులం మనం చేసిందేమిటని కూడా అడుక్కోవాలి. శ్రీశ్రీ 'దేశచరిత్రలు'లో రాజుల పేర్లు పక్కకు నెట్టి, కట్టడాల వెనుకనున్న కూలీని ముందుకు పిలిచాడు. అది మన ఉద్యమానికి పునాది. కాని కట్టడం పూర్తయిన తరువాత దాన్ని ఏడేడూ నిలబెట్టే కూలీ సంగతి మనలో ఎందరు పట్టించుకున్నారు? ఆనకట్టల మీద కవిత్వం వచ్చింది, ఫ్యాక్టరీ పొగగొట్టం మీద వచ్చింది, రోడ్డు వేసే వడ్డెర మనిషి మీద కొంత వచ్చింది. మండుటెండలో రోడ్డు పక్కన తారు డబ్బా కాచి, కంకర చల్లి, గుంత పూడ్చి, అవతలి గుంతకు నడిచిపోయే గ్యాంగు కూలీ మీద ఏ ఖండకావ్యమూ నా కళ్లబడలేదు. మన ఊహ కూడా శంకుస్థాపన దగ్గరే ఆగిపోయింది. పాలకుడు కొత్తదాన్ని చూపించి మైమరపించాడు, మనం మైమరచిపోయి పద్యం రాశాము. ఒకప్పుడు రోడ్డు మైలుకింత అని మనుషులు ఉండేవారు. వారి చేతి కింద వాన పడిన మరునాడే నీరు పక్కకు మళ్లేది. ఆ జీతాలు రెవెన్యూ పద్దులో ఉన్నాయి గనుక ముందుగా కోతపడింది వాటికే. ఇప్పుడు అదే పనికి టెండరు పిలవాలి. టెండరు పిలవాలంటే అంచనా కావాలి. అంచనాకు విలువ రావాలంటే గుంత పెద్దది కావాలి.

మా సీమ నాయకుల అర్జీలు కూడా ఇదే మాదిరి. 1937 శ్రీబాగ్ ఒడంబడిక నాటి నుంచి ఈ ప్రాంతం అర్జీలు పెడుతూనే ఉన్నది. రాజధాని, హైకోర్టు, ఉక్కు, రైలు, విమానం, అన్నీ న్యాయమైనవే. మోసపోయిన ప్రాంతానికి కొత్తది ఏది వచ్చినా గౌరవం తిరిగివచ్చినట్టు తోస్తుంది. ఆ బాధను వెక్కిరించే హక్కు కోస్తా మిత్రులకు లేదు. అయినా ఇన్ని అర్జీల్లో "మాకు ఇదివరకే ఇచ్చినదాన్ని కాపాడడానికి ఏటా ఇంత" అన్న వాక్యం ఉండదు. అది లేకపోవడం పాలకులకు చాలా సుఖం. కొత్తది ఒకటి ప్రకటిస్తే పాతవి పది అడగడం మానేస్తామని వారికి అనుభవం మీద తెలుసు.

పట్టణాల్లో ఏమి అడగాలో పల్లె రోడ్డు పక్కనే రాసి ఉన్నది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన రోడ్డు మొదట్లో ఒక బోర్డు పాతుతారు. రోడ్డు పొడవు, గుత్తేదారు పేరు, నిర్మాణ వ్యయం, వాటి కింద మొదటి ఏడు నిర్వహణకు ఇంత, రెండవ ఏడు ఇంత అని అయిదేళ్ల లెక్క అందులో ఉంటుంది. వేసినవాడే అయిదేళ్లు చూచుకోవాలని నిబంధన. అమలు ఎట్లా ఉన్నదనేది వేరే సంగతి. లెక్క మాత్రం బాటసారి కంటికి కనపడేటట్టు ఉన్నది. అట్లాంటి బోర్డు కర్నూలు రాజవిహార్ కూడలిలో ఎందుకుండదు? ప్రతి వార్డులో ప్రతి రోడ్డుకూ అది వేసిన సంవత్సరం, వేసినవాడి పేరు, చివరిసారి పైపూత పడిన సంవత్సరం, మళ్లీ పడవలసిన సంవత్సరం రాసిన పుస్తకం ఒకటి తెరిచి, మార్చిలో బడ్జెట్టు చదివేముందు ఆ పుస్తకం చదవమని నగరపాలక సంస్థను అడగాలి. పాత రోడ్ల పద్దు నిండిన తరువాతనే కొత్త పనుల జాబితా చదవమనాలి. పల్లె బోర్డులో కూడా అయిదో ఏడు తరువాత గడి లేదు. ఆరో ఏడు నుంచి ఆ రోడ్డు ఎవరిదో అడగవలసింది జిల్లా పరిషత్తు సమావేశంలో.